గండికోట లోయలో పక్షుల లెక్క తీయాలి

సంపాదకులకు నమస్కారం.

గండికోట పర్యాటకాభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినప్పటి నుంచి అక్కడ చేపట్టబోయే నిర్మాణాల గురించి చదువుతూనే ఉన్నాం. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన ఆ లోయ మీదుగా ఏ పక్షులు, ఏ నెలల్లో, ఎంత ఎత్తున సాగిపోతున్నాయో ముందుగా లెక్కగట్టాలన్న మాట మాత్రం ఆ వార్తల్లో నాకు కనబడలేదు.

వలస పక్షులనగానే మనకు పులికాట్, నేలపట్టు, కొల్లేరు గుర్తుకొస్తాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన కూడా, పేరుకు తగ్గట్టే, చెరువులూ జలాశయాల చుట్టూ సాగుతుంది. ఆ గణన అవసరమైనదే. కానీ నీటితో పనిలేని గద్దలూ డేగలూ దానికి అందవు. పైగా జనవరి నాటికి పక్షులు ప్రయాణం ముగించుకొని చలికాలపు నెలవుల్లో కుదురుకొని ఉంటాయి కనుక, అవి ఏ దారిన వచ్చాయో ఆ లెక్క చెప్పలేదు.

నిలువు రాతిగోడకు తగిలిన గాలి పైకి లేస్తుంది. ఎండకు కాగిన బండల మీది వేడిగాలీ దానికి తోడైతే, పెద్ద గద్దలు రెక్క ఆడించకుండానే ఎత్తుకు చేరి, బలం ఖర్చు కాకుండా దూరాలు దాటగలవు. నేపాల్‌లో ధవళగిరి, అన్నపూర్ణ శిఖరాల నడుమనున్న కాళీ గండకి లోయగుండా డెమోయిసెల్ కొంగలు హిమాలయాలను దాటి భారతదేశానికి వస్తాయి. అక్కడికి దగ్గర్లోని థూలాఖర్కలో శరదృతువులో కొండ మీద కూర్చొని, వేల సంఖ్యలో సాగిపోయే గద్దలను లెక్కిస్తున్నారు. గండికోట హిమాలయం కాదు, నిజమే. అయినా నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు గడ్డి భూములకు మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు చలికాలం గడపడానికి వస్తున్నప్పుడు, ఎగువన గండికోట, దిగువన మైలవరం జలాశయాలున్న ఈ లోయను గమనించకుండా వదిలేయడానికి కారణం కనిపించదు.

ఆలస్యంగా తెలుసుకుంటే ఏమవుతుందో మా కడప జిల్లాకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అంతరించిందనుకున్న కలివికోడి అనే అరుదైన పక్షి 1986లో లంకమల పరిసరాల్లో మళ్లీ కనబడింది. దాని కోసం తర్వాత తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసి వచ్చింది. గండికోట వద్ద పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) విద్యుత్ ప్రాజెక్టు కూడా ప్రతిపాదనలో ఉంది. విద్యుత్ తీగలు పెద్ద పక్షులకు ప్రాణాంతకమని రాజస్థాన్‌లో బట్టమేక పిట్టల చావులు చూశాకైనా మనకు తెలియాలి.

కాబట్టి అటవీశాఖ, యోగి వేమన విశ్వవిద్యాలయం, స్థానిక పక్షి ప్రేమికులు కలిసి సెప్టెంబరు చివరి నుంచి నవంబరు వరకూ, తిరిగి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ కోట గోడ దగ్గర నుంచి రోజువారీ గణన చేపట్టాలి. కనీసం రెండు వలస కాలాల లెక్క చేతికొచ్చాకే తీగల మార్గాలనూ, లోయ అంచున కట్టే నిర్మాణాల స్థలాలనూ ఖరారు చేయాలని అధికారులను కోరుతున్నాను. ఇందుకు కావలసినవి నాలుగు దుర్భిణులు, శిక్షణ పొందిన కొద్దిమంది మనుషులు. మంజూరైన సొమ్ములో ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు