తొమ్మిదో ప్రశ్నకు వచ్చిన జవాబును చదివేదెవరు?

సంపాదకులకు,

కళాశాల విద్యార్థుల్లో ఆత్మహత్య ఆలోచనలపై పరిశోధన జరగాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 7 లక్షల మందికి పైగా ఇలా ప్రాణాలు కోల్పోతున్నారు. 15 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. వారిని అడగకుండా వారి బాధ తెలియదు. కానీ అడిగాక ఏం చేయాలన్నది ముందే తేల్చుకోకుండా సర్వేలు మొదలుపెట్టడం, విద్యార్థులకు కౌన్సెలింగ్ చేసే నన్ను చాలా కలవరపెడుతోంది.

కుంగుబాటు (డిప్రెషన్) లక్షణాలను అంచనా వేయడానికి సర్వేల్లో తరచూ వాడే, తొమ్మిది ప్రశ్నలుండే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళినే చూడండి. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం ఎలా ఉన్నాయని అడుగుతూ వచ్చి, తొమ్మిదో ప్రశ్నగా చనిపోతే బాగుండునని గానీ, తనను తాను గాయపరచుకోవాలని గానీ ఎంత తరచుగా అనిపించిందని అడుగుతుంది. ఓ విద్యార్థిని అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని ఫోన్‌లో ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కిందనుకుందాం. ‘మీ స్పందన నమోదైంది, ధన్యవాదాలు’ అని తెర మీద వస్తుంది. ఎక్సెల్ షీటులో ఓ గడిలో ఆ జవాబుకు గుర్తుగా 3 అంకె పడుతుంది. సర్వే ముగిసి, విశ్లేషణ మొదలయ్యేదాకా ఆ గడి వైపు ఎవరూ చూడకపోవచ్చు. అప్పటికి ఎన్ని నెలలు గడుస్తాయో!

అలాగని ఆ ప్రశ్నే తీసేయమనడం లేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని, పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల్లో కొందరు భయపడుతుంటారు. అమెరికాలో హైస్కూలు విద్యార్థులపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం, అలా అడగడం వల్ల వారి బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదని తేల్చింది. తర్వాతి సమీక్షలూ దాదాపు అదే మాట చెప్పాయి. ప్రమాదంలో ఉన్నవారిని ముందే జాబితాలోంచి తప్పించడం కూడా పరిష్కారం కాదు. ఎవరి కోసం పరిశోధనో వారే లేకపోతే ఇక ఆ ఫలితాలు ఎవరికి పనికొస్తాయి?

పేర్లు తెలిసే సర్వే అయితే జవాబులను ఏ రోజుకారోజు చూసే మనిషి ఉండాలి. ఆ ప్రశ్నకు ‘అవును’ అన్న ప్రతి ఒక్కరూ అత్యవసర స్థితిలో ఉన్నట్టు కాదు. బతకాలని లేదనిపించడం వేరు, ఎలా చేయాలో ఆలోచించి పెట్టుకోవడం వేరు. ఆ తేడా తొమ్మిదో ప్రశ్న ఒక్కదానితో తెలియదు. శిక్షణ ఉన్నవారు అదే రోజు ఫోన్ చేసి, తొందరపెట్టకుండా మాట్లాడి తెలుసుకోవాలి. అవసరమైతే, ఆ ఆలోచనలు ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలో, ఎవరిని పిలవాలో చెప్పే భద్రతా ప్రణాళికను ఆ విద్యార్థితో కలిసే రాయాలి, వైద్యుడి దగ్గరకు చేరేదాకా వెంట ఉండాలి. చేతిలో ఓ నంబరు పెట్టి పంపేయడం సాయం కాదు. పేర్లు అడగని సర్వే అయితే, ఎవరూ తిరిగి ఫోన్ చేయలేరని మొదటి పేజీలోనే చెప్పాలి. ఆ జవాబు నొక్కగానే సాయం వివరాలు తెర మీదికి రావాలి. అందులో ఇచ్చే హెల్ప్‌లైన్‌కు పరిశోధకులే ముందు ఫోన్ చేసి చూడాలి, అర్ధరాత్రి కూడా. ఎవరూ ఎత్తని నంబరు ఇవ్వడం కంటే క్రూరమైన పని ఇంకోటి లేదు.

గోప్యత గురించి గట్టిగా చెప్పాలి. విద్యార్థుల అసలు భయం ఇంట్లో తెలుస్తుందని, వార్డెన్‌కు తెలుస్తుందని, హాస్టల్ ఖాళీ చేయమంటారని. ఏ పరిస్థితిలో గోప్యత పక్కన పెడతారో, ఎవరికి చెబుతారో సమ్మతి పత్రంలో వాడుక మాటల్లో ఉండాలి. అది దాచి, తర్వాత తల్లిదండ్రులకు ఫోన్ చేస్తే ఆ పిల్లలు మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పరు. జవాబుల ఆధారంగా ఎవరిపైనా చర్య తీసుకోబోమని కళాశాల రాసివ్వాలి. మార్కులు వేసే అధ్యాపకులే తమ తరగతిలో ఫారాలు పంచకూడదు. అక్కడ ‘వద్దు’ అనగలిగే విద్యార్థులు ఎందరుంటారు?

ఈ మాటలు వినే పరిశోధక సహాయకులూ చాలాసార్లు అదే వయసు వారు. వారి మనసు గురించీ ఎవరో ఒకరు అడగాలి.

ఇదంతా రాతపూర్వకంగా లేని ప్రతిపాదనకు ఎథిక్స్ కమిటీలు అనుమతి ఇవ్వకూడదు. నిధులిచ్చే సంస్థలు ప్రశ్నావళి ఖర్చుతో పాటు, ఆ జవాబులు చదివి ఫోన్ చేసే కౌన్సెలర్ జీతాన్నీ బడ్జెట్‌లో చేర్చాలి.

— ఓ కళాశాల కౌన్సెలర్