సరంగు ఎవరో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారాలు. పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశీ యాట్ విహారాల మీద వేసిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. తెల్లటి పడవ, నీలం నీళ్ళు, ముందు భాగంలో కాళ్ళు చాపుకుని కూర్చున్న కొత్త జంట. బొమ్మలు బాగున్నాయి. అయితే ఆ రెండు పేజీల్లో పడవ నడిపేది ఎవరో ఒక్క ముక్క లేదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య 34 ఏళ్ళు లాంచీ నడిపే సరంగుగా చేసినవాణ్ణి, నా కన్ను ముందు చుక్కాని మీదకే పోతుంది. పైగా ఈ సంగతి ముందే తెలియక మా ఇంట్లో డబ్బు పోయింది. అందుకే ఈ ఉత్తరం.

వచ్చే ఏడాదికి మా పెళ్ళయి యాభై ఏళ్ళు. హైదరాబాదులో అబ్బాయి, డల్లాస్‌లో అమ్మాయి ఫోన్లలో మాట్లాడుకుని, ఇద్దరికీ మధ్యదారిలో గ్రీసులో కలుద్దామనుకున్నారు. నాన్న జన్మంతా పడవ నడిపాడు, ఈసారి కూర్చోబెట్టి తిప్పుదామని వాళ్ళ సరదా. ఎనిమిది మందిమి. నాలుగు గదుల క్యాటమరాన్, అంటే రెండు నావలు జతచేసి బల్లలు పరిచిన మన బల్లకట్టు లాంటిదే, కాకపోతే లోపల ఏసీ. ఆగస్టులో వారం రోజులు, ఏజియన్ సముద్రంలో శాంతోరిని దీవి చుట్టుపక్కల. ఒక ఏజెంటుకు లక్షా ఎనభై వేలు అడ్వాన్సు పంపేశాక, నాకు వీడియో కాల్‌లో బొమ్మలు చూపించారు.

నేను అడిగింది ఒకటే. "సరంగు ఎవర్రా?"

అవతల చప్పుడు లేదు. కాగితాలు తిరగేస్తే అది 'బేర్‌బోట్' అట. అంటే వట్టి పడవ. తాళాలు మన చేతికిస్తారు, నడుపుకోవడం మన పని. ధర అంత తక్కువ ఎందుకుందో అప్పుడు తెలిసింది. గ్రీసులో అలా తీసుకోవాలంటే ఐసీసీ లాంటి, పడవ నడపడం వచ్చని చూపే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఒకరికి ఉండాలి, తోడుగా పని తెలిసిన రెండో మనిషి ఉండాలి. "మీకు లైసెన్సు ఉంది కదా నాన్నా" అన్నాడు మావాడు. ఏరు దాటించే సరంగు లైసెన్సు ఏజియన్ సముద్రంలో ఎవడు చూస్తాడండీ! సరే, అక్కడి కెప్టెన్‌ని రోజుకింతని పెట్టుకుందామంటే ఆయనకి తిండి మనం పెట్టాలి, పడుకోవడానికి చోటు చూపించాలి. నాలుగు గదులూ మాతోనే నిండిపోయాయి. తొమ్మిదో మనిషిని వంటగది పక్కన బల్ల మీద పడుకోబెడతామా? తెల్లారి మా ఎనిమిది ప్రాణాలూ ఆయన చేతిలోనే ఉంటాయి, నిద్ర చాలని మనిషి చేతిలో.

ఇక గాలి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వస్తుంది. మబ్బుతునక కూడా ఉండదు, ఫెళ్ళున ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి కొడుతుంది. మన దగ్గర ఈదురుగాలి వచ్చే ముందు మబ్బు పడుతుంది, ఏటి రంగు మారుతుంది, మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఆపేస్తాం. అక్కడ ఆకాశాన్ని నమ్మితే మోసపోవడమే. శాంతోరిని ఉన్న సైక్లడీస్ దీవులకు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. కొత్తవాళ్ళకి పడమటి వైపు అయోనియన్ సముద్రం, కోర్ఫూ, లెఫ్కాడా దిక్కు చాలా నయం. మావాళ్ళు ఫొటో చూసి ఊరు, అమెరికా బడి సెలవులు చూసి నెల ఖాయం చేశారు. గాలి సంగతి ఎవరికీ తట్టలేదు.

వారం అన్న మాటా అంతే. మామూలుగా శనివారం సాయంత్రం పడవ చేతికిస్తారు. శుక్రవారం రాత్రికల్లా మళ్ళీ అదే రేవుకు తెచ్చి, శనివారం పొద్దున్నే దిగిపోవాలి. తిరిగేది ఆరు రోజులు. గాలికి ఒక రోజు ఆగితే అయిదు. మర్నాడు విమానం ఉందని గాలిలో లంగరు ఎత్తేవాళ్ళుంటారు చూడండి, నాకు భయం అక్కడే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. అద్దె కాక డిపాజిట్టు కొన్ని వేల యూరోలు కార్డు మీద ఆపుతారు. డీజిలు, రేవు రుసుము, శుభ్రం చేసినందుకు వేరే. గ్రీసు వెళ్ళడానికి కావాల్సిన షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు, 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పడవకి అడ్వాన్సేమో అంతకన్నా ముందే కడతాం. మరి వీసా రాకపోతే? మా ఒప్పందం తొమ్మిదో పేజీలో ఉంది: ఏ కారణంతో రద్దయినా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు. పోయింది. అందులో ఏజెంటు తప్పెంతో, చదవకుండా సంతకం పెట్టిన మావాడి తప్పూ అంతే.

సరంగుని అడగడం మనకీ ప్రమాదం జరిగాకే గుర్తొస్తుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసింది అక్టోబర్ 22న. ఆ నెల పైచిలుకూ మా రేవులో పంటు ఎక్కే ప్రతి మనిషీ సరంగు మొహం చూసి "వెళ్ళొచ్చంటారా?" అని అడిగేవాడు. సంక్రాంతికి కొత్తల్లుళ్ళు దిగేసరికి అడిగేవాడు లేడు, బండి ఎక్కించి సెల్‌ఫోన్ చూసుకోవడమే.

చివరికి మేం టర్కీ ఖాయం చేశాం. గోచెక్ దగ్గర గులెట్ అనే చెక్క ఓడ, జూన్ మొదటి వారం. కెప్టెన్, వంటవాడు, కళాసి వాళ్ళవాళ్ళే, పడుకునే చోటూ వాళ్ళకి వేరే. తెరచాప ఉంటుంది గాని చాలామటుకు ఇంజను మీదే నడుస్తుందట. తిండికి తలకింతని విడిగా లెక్క కట్టారు, రాయించుకున్నాం. ఫొటోలో దాని పక్కలు చూస్తే తాళ్ళరేవులో కట్టే నావలు గుర్తొచ్చాయి. మా ఆవిడ అడిగింది మాత్రం మంచినీళ్ళ ట్యాంకు ఎంతని. తలస్నానానికి చాలదంటే రానంది. తిరుగు మెయిల్లో ట్యాంకు కొలత తెప్పించాకే సూట్‌కేసు దించింది, ముందు చింతపండు పెట్టింది.

ఈసారి మీరు అలాంటి బొమ్మ వేసినప్పుడు కింద కెప్టెన్ అద్దెలో ఉన్నాడా లేడా, ఆ నెలలో ఏ గాలి వీస్తుంది, డిపాజిట్టు ఎంత అని మూడు ముక్కలు వేయండి. చోటు చాలకపోతే కొత్త జంటను కాస్త చిన్నది చేయండి.

మధ్యధరాలో పోటూ పాటూ చాలాచోట్ల జానెడో బెత్తెడో అట. రోజుకి నాలుగుసార్లు నీటి మట్టం చూసుకోకుండా పడవ ఎలా కడతారో చూడాలని నాకూ ఉందండి, ఆయ్.

ఇట్లు,
ఒక పాత లాంచీ సరంగు,
సఖినేటిపల్లి