పసిడి తిన్నది: పేరు రాయవద్దన్న ఆ అమ్మకు కృతజ్ఞతలు

పసిడి నిన్న రాత్రి తిన్నది. రాత్రంతా నిద్ర లేదు, చేతులు సరిగా ఆడటం లేదు, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

పసిడి మా బాల్ పైథాన్, అంటే విషం లేని ఒక చిన్న జాతి కొండచిలువ. మా దగ్గరికి వచ్చేనాటికే పెరిగిన పాము, బరువు దాదాపు 900 గ్రాములు. వచ్చిన నాటి నుంచి ఎలుకను ముట్టలేదు. ఈ జాతి పాములు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిండి మానేయడం మామూలేనని అందరూ చెప్పారు. నిజమే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము దాన్ని తట్టుకుంటుంది కూడా. కానీ తూకం దిగుతూ దిగుతూ బరువులో పదో వంతు పోయిందంటే ఇక మామూలే అని ఊరుకోవడానికి లేదు. మేము ఆ గీత దాటాము. గాజు పెట్టెలో వెచ్చని వైపు 32 డిగ్రీలు, చల్లని వైపు 26, గాలిలో తేమ, దాక్కోవడానికి రెండు వైపులా ఇరుకైన గూళ్లు, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. అయినా తినదు.

అప్పుడు ఒకరి ద్వారా ఒకరిని అడిగితే ఆమె ఫోను నంబరు దొరికింది. ఎన్నో ఏళ్లుగా పాములను సాకుతున్న పెద్దావిడ. నేను ఎవరో ఆమెకు తెలియదు. అంతకు ముందు నేను ఎవరికి ఫోను చేసినా మొదటి ప్రశ్న ఒక్కటే: "పామును పెంచడం ఏమిటి?" ఆమె మాత్రం, "దాని పేరేమిటమ్మా?" అని అడిగారు. నాకు జవాబు చెప్పడానికి గొంతు పెగల్లేదు. నేను తేరుకునేదాకా ఆమె ఫోను పట్టుకుని అలాగే ఉన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు.

వచ్చాక పామును చేతిలోకి తీసుకోనేలేదు. "నేను ఇప్పుడు పట్టుకుంటే దాన్ని బెదరగొట్టినట్టే" అన్నారు. దీపం ఆర్పించి, చీకటి పడేదాకా పెట్టెకు కాస్త దూరంగా నేల మీద కూర్చున్నారు. మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషి. కుర్చీ వేస్తానన్నా వద్దన్నారు, దాని కంటి ఎత్తులో ఉంటేనే కనిపిస్తుందట. చాలాసేపటికి మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు.

"భయపడిన పాము ఉండ చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. కుబుసం విడవబోయే పాముకు కళ్లు నీలంగా మసకబారతాయి, అప్పుడు చాలా పాములు తిండి జోలికి పోవు. నీ పసిడి ఈ రెండూ కాదు. చూడు, పొద్దు వాలగానే గూటిలోంచి తల బయట పెట్టింది. మెడను మెలికగా వెనక్కి మడిచింది. నాలుకను ఆగి ఆగి ఆడిస్తోంది. నీ చెయ్యి ఎటు కదిలితే తల అటు తిప్పుతోంది. ఇది మాటు వేసిన పాము తల్లీ. దీనికి ఆకలి ఉంది. నువ్వు పెట్టేది తిండి అని దానికి తెలియడం లేదు, అంతే."

అన్ని రోజులు నేను ఆకలి లేదనే అనుకుంటున్నాను. ఆకలితో చూస్తోందని వినగానే గుండె పిండేసినట్టయింది.

చిట్టెలుకల (ఎలుక పిల్లలు కావు, వేరే చిన్న జాతి) మీద పెరిగిన బాల్ పైథాన్‌కు ఎలుక వాసన తిండి వాసనగా అనిపించకపోవచ్చని ఆమే చెప్పారు. తమ్ముడు పాత యజమానిని వెతికి పట్టుకుని అడిగితే అదే నిజమని తేలింది. మరి ఎప్పటికీ చిట్టెలుకలే పెట్టవచ్చు కదా అంటే, పెద్ద చిట్టెలుక 25 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఇంత పాముకు ఒక పూట తిండి దాని బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, అంటే 50 గ్రాముల చిన్న ఎలుక చాలు. కొలవడానికి త్రాసు లేకపోతే పాము నడుము ఎంత లావో ఎలుక అంత లావు ఉంటే సరిపోతుందట. తినడం లేదు కదా అని పెద్దది పెడితే కక్కేయవచ్చు, ఆ తర్వాత కనీసం రెండు వారాలు పొట్టకు విశ్రాంతి ఇవ్వాలి. బతికి ఉన్న ఎలుకను వదలమని నాకు సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. ఆకలిగొన్న ఎలుక పామునే కొరికి చంపగలదు. ఆ మాట ఎత్తితేనే ఆమెకు కోపం వచ్చింది.

ఇక్కడ ఒక మాట రాయకుండా ఉండలేను. ఒక జంతు వైద్యశాలలో పాము అని వినగానే లోపలికే రానివ్వలేదు. ఇంకొకచోట తూకం కూడా చూడకుండా గొట్టంతో బలవంతంగా తినిపిద్దామన్నారు. అది చివరి మార్గం, పామును ఎంతగానో బెదరగొట్టే పని. కుక్కపిల్ల చేయి మారితే టీకాల కాగితం వెంట వస్తుంది. పాము చేయి మారితే అది ఏమి తింటుందో రాసిన ఒక్క ముక్క కూడా రాదా? మాకు ఇచ్చిన కాగితంలో "వారానికి ఒకటి" అని ఉంది. ఒకటి అంటే ఏది, ఎంత బరువుది?

నిన్న ఆమె మళ్లీ వచ్చారు, తాను పెంచే చిట్టెలుకల గూటిలోని పొట్టును ఒక సంచిలో మూటగట్టుకుని. గడ్డకట్టించి నిల్వ ఉంచిన చచ్చిన ఎలుకను ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టి మంచు కరగనిచ్చాము, దానికి ఆ పొట్టు బాగా పట్టించాము. సంచిలో పెట్టి వేడినీళ్లలో ముంచి, తల భాగం 38 డిగ్రీలు దాటేదాకా వెచ్చబెట్టాము. ఈ పాము పెదవుల వెంట వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి కాబట్టి తల వెచ్చగా ఉండటమే ముఖ్యమన్నారు. పొడవాటి పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని గూటి ముందు నిలిపారు. ఆడించలేదు, ముఖం మీదికి తోయలేదు. పసిడి మెడ ముడుచుకుంది. ఒక్క దూకున పట్టి చుట్ట వేసింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ కళ్లూ తడిశాయి.

దారి ఖర్చులైనా తీసుకోమంటే కోప్పడ్డారు. రెండు రోజుల దాకా పామును తాకవద్దని, ఇక నుంచి పొట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రమ్మని చెప్పి వెళ్లిపోయారు. ఇవాళ పొద్దున్నే ఫోను చేసి, "కక్కలేదు కదా?" అని అడిగారు. కక్కలేదమ్మా. మీకు ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు.

మా అమ్మకు, మా ఆయనకు, తమ్ముడికి కృతజ్ఞతలు, వాళ్లకు తెలుసు.

రాస్తూ మరిచిపోయాను, గ్రాముల త్రాసు ఇచ్చి ఇంతవరకు తిరిగి అడగని పక్కింటి అక్కకు కూడా. ఆ వైద్యశాల నుంచి మమ్మల్ని పంపేస్తుంటే వెనకే వచ్చి, పాములను చూసే డాక్టరు ఎక్కడ ఉన్నారో చీటీ మీద రాసిచ్చిన సహాయకుడికి, నోటిలో పుండ్లు, ఊపిరిలో గురక ఏవీ లేవని ఓపికగా పరీక్షించి చెప్పిన ఆ డాక్టరుకు. అయ్యో, పెట్టెలో పాము ఉందని చెప్పినా కారులో ఎక్కించుకున్న డ్రైవరుకు కూడా.

త్రాసు రేపు తెచ్చిస్తాను అక్కా.