అండమాన్ ఫ్యామిలీ ట్రిప్: ఈ సీజన్‌లో ఏం మార్చాం, ఎందుకు

ఈ సీజన్ నుంచి మా ప్లాన్‌లో ‘ఉదయం 10కి స్నార్కెలింగ్’ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ పగడాలు, చేపలు చూడటం) అని కనిపించదు. రోజు మాత్రమే ఉంటుంది. సముద్రాన్ని అడక్కుండా టైం రాసివ్వడం మా తప్పే.

నీల్ దీవిలో, అంటే ఇప్పటి శహీద్ ద్వీప్‌లో, భరత్‌పూర్ బీచ్‌లో ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, దిగితే చాలాచోట్ల నీళ్లు మోకాళ్ల దాకా కూడా రావు. ఈదడానికి లోతు చాలక కాళ్లు పగడాల మీద ఆనుతాయి. పాదం కోసుకుపోతుంది, ఏళ్లు పట్టి పెరిగిన పగడం విరుగుతుంది. పోటు మీదున్నప్పుడే, అంటే నీళ్లు పెరిగినప్పుడే, దిగాలి. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. మీ తేదీలు ఖరారయ్యాక ఆటుపోట్ల పట్టిక చూసి టైం చెబుతాం. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెనకు లెక్క తిరగబడుతుంది, అక్కడికి ఆటులోనే నడవగలం. కాబట్టి రెండూ ఒకే గంటలో పెట్టమని అడగకండి.

టైంతోపాటు టిఫిన్ వేళా మారుతుంది. కడుపునిండా పూరీలు తిని, అలల మీద బోర్లా తేలితే వాంతి ఖాయం. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో అరటిపండో చాలు. చేపల వంటకాలు మీరు నీళ్లలోంచి బయటికొచ్చాకే తినండి.

మాస్కుల్లోకి నీళ్లొస్తున్నాయన్న ఫిర్యాదే ఎక్కువ. పట్టీ వెనక్కి తోసేసి, మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి వదిలినా నిలబడితే అది మీ సైజు. పడిపోతే పట్టీ ఎంత బిగించినా లాభం లేదు, అతిగా బిగిస్తే రబ్బరు ముడతపడి ఇంకా కారుతుంది. అంచు కింద జుట్టు ఉండకూడదు. మీసాలున్నవారు ముక్కు కింద కాస్త వాజలీన్ రాసుకోవాలి. అద్దం మసకబారకుండా లోపల ఒక్క చుక్క బేబీ షాంపూ రుద్ది, కడిగేయండి, ఆ తర్వాత వేలు పెట్టకండి. పిల్లలకు పిల్లల మాస్కే. పెద్దలది ‘సర్దుకుంటుంది’ అంటే కుదరదు. ముఖమంతా కప్పేవి మేం ఇవ్వం: లోపల నీళ్లు చేరితే చటుక్కున తీయలేరు, వదిలిన గాలినే మళ్లీ పీల్చే ప్రమాదమూ ఉంది.

భోజనం సంగతి. ప్యాకేజీలోంచి ‘సీఫుడ్ డిన్నర్’ తీసేశాం. చేప ధర వేటను బట్టి, సైజును బట్టి మారుతుంది. ముందే ఇంత అని కట్టేస్తే ప్లేట్లో చిన్న ముక్కలే మిగులుతున్నాయి. ఇక మీరే చూసి ఎంచుకోండి. మెనూలో సుర్మయి అంటే మన వంజరమే. శుభ్రం చేయకముందు తూస్తారా, తర్వాతా అన్నది ఆర్డరుకు ముందే అడగండి. హేవ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్), నీల్ దీవుల్లో స్థిరపడినవారిలో చాలామంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్ల చేపల కూరలో ఆవనూనె, ఆవముద్ద ఘాటుగా ఉంటాయి. చింతపండు పులుసు కోసం వెతక్కండి. పిల్లలకైతే ఉప్పు, నిమ్మరసంతో కాల్చిన చేప నచ్చుతుంది.

గాలి ఎక్కువై హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లే బోట్లు ఆపేస్తే బోటు డబ్బు పూర్తిగా వెనక్కిస్తాం. రూము, ఫెర్రీ డబ్బు ఇవ్వలేం, అది అప్పటికే చెల్లించేసి ఉంటాం.

కళ్లజోడు పెట్టుకుంటే మాస్కు సీల్ అవ్వదు. పవర్ ఉన్న మాస్కులు కొన్నే ఉన్నాయి కాబట్టి రెండు కళ్ల పవరూ పది రోజుల ముందు వాట్సాప్‌లో పంపండి.