బంధువులతో పేచీ వచ్చినప్పుడు మాట్లాడవలసింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కుటుంబ పేజీలో పాఠకుల సమస్యలకు ఇచ్చే జవాబులను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. అత్తమామలతోనో, ఆడపడుచుతోనో, బావమరిదితోనో, దగ్గరి చుట్టాలతోనో వేగలేకపోతున్నామని రాసేవారికి అక్కడ ఎక్కువగా రెండు రకాల సలహాలే కనిపిస్తున్నాయి. పెద్దవాళ్లు కదా, ఓర్చుకోండి, కొన్నాళ్లకు వాళ్లే మారతారు అన్నది మొదటిది. అంత బాధ పడుతూ వాళ్లతో సంబంధం ఎందుకు, తెంచుకోండి అన్నది రెండోది. ఈ రెండింటికీ మధ్య చేయదగిన పని ఎంతో ఉందనీ, అందులో ముఖ్యమైన భాగం ఉత్తరం రాసిన మనిషిది కాక, ఆ బంధువులు ఎవరి తరఫువారో వారిదనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఒక కొడుక్కీ, ఒక కూతురికీ పెళ్లి చేసిన తండ్రిని కాబట్టి ఈ విషయాన్ని రెండు ఇళ్ల వైపు నుంచీ చూసే వీలు నాకు కలిగింది.

ఇది ప్రతి ఇంట్లో ఉండేదే అని కొట్టిపారేసే అలవాటు మనలో బలంగా ఉంది. అమెరికన్ మానసిక వైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహె 1967లో మనిషి జీవితంలో ఎదురయ్యే 43 ఘటనలను తీసుకుని, ఒక్కొక్కటీ మనసు మీద, శరీరం మీద ఎంత ఒత్తిడి తెస్తుందో అంచనా కట్టి అంకెలు ఇచ్చారు. జీవిత భాగస్వామి మరణానికి 100 ఇచ్చిన ఆ పట్టికలో, అత్తింటివారితో గొడవలకు 29, పై అధికారితో గొడవలకు 23 ఉన్నాయి. పై అధికారి వేధింపు భరించలేక ఉద్యోగం మానేసిన మనిషిని చూసి జాలిపడతాం, మంచిపని చేశావని కూడా అంటాం. అంతకంటే ఎక్కువ బరువున్న బాధను ఇంట్లో మోస్తున్న మనిషికి మాత్రం సర్దుకుపొమ్మని చెప్పి ఊరుకుంటాం. ఉద్యోగానికి సాయంత్రమైనా విరామం ఉంటుంది. ఈ బాధ ఉండేదే ఆ మనిషి విశ్రాంతి తీసుకోవలసిన చోట.

నేను చూసినంతలో ఈ గొడవల్లో సగానికి పైగా ముదిరేది అసలు మాట వల్ల కాదు, ఆ మాట చేతులు మారడం వల్ల. అత్తగారికి కోడలి మీద కోపం వస్తే ఆమె కోడలితో చెప్పదు, కొడుకుతో చెబుతుంది. కొడుకు ఆ మాటను కొంత మెత్తబరిచో, కొంత కారం జోడించో భార్యకు చేరవేస్తాడు. భార్య జవాబు మళ్లీ అతని నోటి మీదుగానే వెనక్కి వెళుతుంది. ఈలోగా ఆడపడుచుకు ఒక ఫోను, తోటికోడలికి మరో ఫోను వెళతాయి. ఇద్దరు మనుషుల మధ్య బిగువు పెరిగినప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగి ఆ బరువు దింపుకోవడం కుటుంబాల సహజ గుణమని కుటుంబ చికిత్సకు పునాదులు వేసిన వారిలో ఒకరైన ముర్రే బోవెన్ వివరించారు. ఆయన దాన్ని త్రికోణమన్నారు. ఆ త్రికోణంలో చెప్పినవారికి మనసు తేలికపడుతుంది, విన్నవారు నలిగిపోతారు, అసలు సమస్య మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. అందువల్ల మధ్యలో నిలబడ్డ మనిషి ముందు చేయవలసింది మాటలు మోయడం మానుకోవడం. "అమ్మా, తన మీద కోపముంటే నేనూ ఉండగా తనతోనే చెప్పు, ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం" అనగలిగితే, చాలా ఫిర్యాదులు ఆ కూర్చునే దాకా కూడా రావు.

ఇక మాట్లాడవలసి వచ్చినప్పుడు ఎవరి తల్లిదండ్రులతో వారే మాట్లాడాలి. ఇందులో పక్షపాతమేమీ లేదు. కన్నకొడుకు గట్టిగా ఒక మాట అంటే తల్లి రెండు రోజులు అలిగి మూడో రోజు మామూలుగా పలకరిస్తుంది. అదే మాట కోడలి నోట వస్తే ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. అల్లుడి విషయమూ ఇంతే. మామగారి పెత్తనం మితిమీరితే కూతురే నోరు విప్పాలి. చెప్పే తీరులో కూడా ఒక మెలకువ ఉంది. "తనకు ఇష్టం లేదట, అందుకే రాలేకపోతున్నాం" అని చెప్పే కొడుకు గొడవ తప్పించుకున్నానని అనుకుంటాడు గానీ, నిజానికి భార్యను దోషిగా నిలబెట్టి తాను పక్కకు జరిగాడు. "అమ్మా, పిల్లవాడి చదువు గురించి మేమిద్దరం ఆలోచించుకునే నిర్ణయించుకున్నాం. నీకు నచ్చకపోతే నన్నడుగు, తనను ఏమీ అనవద్దు" అంటే ఆ మాటకు యజమాని ఎవరో తెలుస్తుంది. "మా అమ్మ తత్వమే అంత, నువ్వు పట్టించుకోకు" అనే భర్తలు కొల్లలుగా ఉన్నారు. తల్లి తత్వం తెలిసినవాడు ఆ తత్వాన్ని ఎదుర్కొనే పనిని తెలియని మనిషికి అప్పగించడం నాకు న్యాయంగా తోచదు.

అత్తింటివారితో ఎంత కలిసిపోతే అంత మంచిదని అందరం నమ్ముతాం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1986లో పెళ్లయిన 373 జంటలను టెర్రీ ఆర్బక్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి గమనించారు. తొలి ఏళ్లలో భార్య తల్లిదండ్రులకు దగ్గరైన భర్తల కాపురాల్లో విడాకుల అవకాశం 20 శాతం తగ్గితే, భర్త తల్లిదండ్రులకు బాగా దగ్గరైన భార్యల విషయంలో అది 20 శాతం పెరిగింది. ఆమె చెప్పిన కారణం ఆలోచించదగినది. అత్తమామలు పిల్లల పెంపకం గురించో, ఇంటి నిర్వహణ గురించో ఒక మాట అంటే అల్లుడు దాన్ని అంతగా మనసుకు పట్టించుకోడు. కోడలికి అదే మాట తన సమర్థత మీద తీర్పులా వినిపిస్తుంది. ఎంత దగ్గరితనముంటే అంతగా ఆ మాటలు లోపలికి వస్తాయి, అడ్డుచెప్పడమూ అంతగా కష్టమవుతుంది. ఒక దేశంలోని కొన్ని జంటల లెక్క అందరికీ వర్తిస్తుందని నేను అనను. కానీ కోడలు మరింత మంచిగా ఉంటే చాలు, అంతా చక్కబడుతుందన్న మన నమ్మకాన్ని అది ప్రశ్నిస్తోంది.

హద్దు పెట్టుకోవడం గురించి కొంచెం వివరంగా రాయాలనుకుంటున్నాను. ఎందుకంటే చాలామంది సరైన పనే మొదలుపెట్టి, అది పనిచేయడం లేదనుకుని మధ్యలో వదిలేస్తారు. చెప్పకుండా వచ్చి వారాల తరబడి ఉండిపోయే బంధువుకు, "ఈసారి రెండు రోజులైతే మాకు వీలవుతుంది" అని రాకముందే చెప్పాలి. వచ్చాక ముఖం మాడ్చుకుని తిరగడం హద్దు కాదు, అది శిక్ష. మాటిమాటికీ అప్పు అడిగే చుట్టానికి, తిరిగి రాకపోయినా మనకు ఇబ్బంది కలగనంత ఇవ్వాలి, లేదా ఇవ్వలేమని ఒక్క వాక్యంలో చెప్పాలి. కారణాలు ఏకరువు పెడితే ఎదుటి మనిషి ఒక్కో కారణానికీ ఒక్కో పరిష్కారం చూపిస్తాడు, చివరికి మన దగ్గర కారణాలు అయిపోతాయి. నలుగురిలో వేళాకోళం పేరుతో మన రూపాన్నో, సంపాదననో, పుట్టింటినో దెప్పే మనిషికి, "ఆ మాట నాకు బాధ కలిగించింది" అని గొంతు పెంచకుండా చెప్పి ఊరుకోవడం మేలు. ఆ తరువాత వచ్చే మౌనాన్ని మనమే కంగారుపడి నింపకూడదు.

ఇలా హద్దు గీసిన కొత్తలో గొడవ తగ్గదు, పెరుగుతుంది. అలకలు ఎక్కువవుతాయి, ఫోన్లు ఎక్కువవుతాయి, "పెళ్లయ్యాక మారిపోయాడు" అన్న మాట చుట్టాలందరికీ పాకుతుంది. ఇన్నాళ్లూ ఏ పద్ధతిలో పట్టుబడితే పని జరిగిందో, ఆ పద్ధతినే మనిషి ముందు రెట్టింపు చేసి చూస్తాడు. ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్తలు బాగా ఎరిగిన సంగతే ఇది. ఆ దశలో లొంగిపోవడం అన్నిటికంటే ప్రమాదం. తొమ్మిదిసార్లు కాదని పదోసారి సరేనన్నామంటే, కాదన్నప్పుడల్లా పదిసార్లు అడగాలని మనమే నేర్పినట్టవుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే ఫలించే అలవాటు, ప్రతిసారీ ఫలించే అలవాటు కంటే మొండిగా నిలుస్తుంది. కాబట్టి ఏళ్ల పాటు నిలబడగలిగిన చిన్న హద్దు ఒక్కటి పెట్టుకోవడం మంచిది. కోపంలో పది షరతులు ప్రకటించి వారంలో అన్నీ వదులుకుంటే తరువాత మన మాటకు విలువ ఉండదు.

వాట్సాప్‌లో కుటుంబ గ్రూపు ఈ మధ్య కొత్త రణరంగమైంది. అందులో వచ్చిన ఎత్తిపొడుపుకు అందులోనే జవాబివ్వకుండా, రాసిన మనిషికి నేరుగా ఫోన్ చేయడమే నాకు తోచిన మార్గం.

ఒక సంగతి మీ సలహాదారులు ఇంతవరకు ప్రస్తావించినట్టు గుర్తులేదు. ఎప్పుడూ సౌమ్యంగా ఉన్న పెద్దవారు హఠాత్తుగానో, కొద్ది నెలల్లోనో అనుమానపు మనిషిగా మారి, నా డబ్బు తీశారు, నా వస్తువులు దాచేశారు అని ఇంట్లోవారి మీద నింద వేయడం మొదలుపెడితే, దాన్ని అత్తాకోడళ్ల గొడవ కింద లెక్కవేయకూడదు. మతిమరుపు వ్యాధులలో ఇది తరచుగా కనిపించే లక్షణం. వస్తువు ఎక్కడ పెట్టారో గుర్తుండదు, ఎవరో తీశారన్నదే వారికి నమ్మదగిన కారణంగా తోస్తుంది, రోజంతా దగ్గరుండి చూసుకునే మనిషి మీదే ఆ అనుమానం ముందుగా పడుతుంది. మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే కొన్ని జబ్బులలోనైతే జ్ఞాపకశక్తి బాగానే ఉండి, స్వభావమూ మాట తీరూ ముందుగా మారతాయి. వినికిడి తగ్గినా సరే, పక్కగదిలో జరిగే మాటలన్నీ తన గురించేనని అనిపించవచ్చు. అలాంటి పెద్దలను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. జబ్బుతో అన్న మాటలకు మంచితనం రుజువు చేసుకోవాలని ఏ కోడలూ, ఏ కూతురూ, ఏ కొడుకూ కుమిలిపోనవసరం లేదు.

పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్లు ఏ నిర్ణయమైనా తన చేతి మీదుగా జరిగిన మనిషికి, ఇకపై ఆ ఇంట్లో తన అభిప్రాయం అడగరని తెలిసిన రోజు చిన్నది కాదు. చాలా పెత్తనాల వెనుక ఆ భయమే ఉంటుంది. అందుకే హద్దుతో పాటు వారికి ఒక స్థానం కూడా మిగల్చాలి. నిజంగా వారికి తెలిసిన విషయంలో నిజంగా సలహా అడగాలి. అలాగని భయం ఉన్నదన్న కారణంతో అవమానాన్ని అంగీకరించలేం. మాట్లాడకుండా కూర్చున్న అల్లుడిని నెమ్మదస్తుడనీ, మాట్లాడకుండా కూర్చున్న కోడలిని పొగరుబోతనీ అనే పెద్దలు నా ఈడువారిలోనే అనేకులున్నారు. కూతురి అత్తగారు చేస్తే తప్పనిపించే పని మన ఇంట్లో కోడలి విషయంలో తప్పెందుకు కాదని మనల్ని మనమే అడగాలి.

పిల్లల ముందు తాతయ్యనూ నానమ్మనూ తూలనాడకపోవడం ఎంత అవసరమో, పిల్లల ముందు వారి తల్లిని ఎవరైనా కించపరిస్తే అక్కడికక్కడే ఆపడమూ అంతే అవసరం. ఆ ఆపే పని తండ్రిది.

పైన రాసినవన్నీ చికాకు పెట్టే బంధువుల గురించే. చేయిచేసుకోవడం, చంపుతామని బెదిరించడం, సంపాదన లాక్కోవడం, కన్నవారితో మాట్లాడనివ్వకపోవడం, బయటకు కదలనివ్వకపోవడం ఈ కోవలోకి రావు. అవి హింస. అక్కడ మాట్లాడి చూడమనీ, హద్దు పెట్టుకోమనీ చెప్పే సలహా ప్రాణానికే ముప్పు తేవచ్చు. అటువంటి ఉత్తరం వచ్చినప్పుడు ముందు సురక్షితమైన చోటికి చేరమనీ, పోలీసుల, న్యాయవాది సాయం తీసుకోమనీ మొదటి వాక్యంలోనే స్పష్టంగా రాయాలి. ఓర్పు గురించిన మాట ఆ జవాబులో ఎక్కడా ఉండకూడదు.

చివరగా మీకు ఒక విన్నపం. అత్తింటివారి గురించి రాసిన ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చే ముందు, ఈ సంగతి మీ భర్తకు లేదా మీ భార్యకు తెలుసా, తెలిసి వారు తమవాళ్లతో ఏమి మాట్లాడారు అన్న ప్రశ్నను మీ సలహాదారులు తప్పక అడగాలి. వీలైతే నెలకోసారైనా ఆ పేజీలో జవాబును ఉత్తరం రాసినవారి పేరిట కాక, మౌనంగా మధ్యలో నిలబడ్డ ఆ రెండో మనిషి పేరిట రాయించండి.

భవదీయుడు,
మీ పాఠకుడు