ఈసారైనా చూసి సంతకం పెట్టండి సార్: మా యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారూ, నమస్తే.

మీకు ఇప్పటికి నాలుగు మెయిల్స్ పెట్టాను, అన్నీ ఇంగ్లీషులోనే. మొదటిదానికి ఆటో రిప్లై వచ్చింది. రెండోదానికీ అదే ఆటో రిప్లై. మూడోదానికి ఏకంగా వచ్చే ఏడాది సీజన్ టికెట్ల రెన్యువల్ లింక్ పంపారు, నాలుగోదానికి అదీ లేదు. ఎలాగూ చదవని మనిషికి ఏ భాషలో రాస్తే ఏంటిలే అని ఈసారి నా భాషలోనే రాస్తున్నా. కనీసం మా టెయిల్‌గేట్ బ్యాచ్ (గేముకి ముందు స్టేడియం పార్కింగ్‌లో కలిసి తినే జనం) అయినా చదువుతారు. మీకు అంతగా కావాలనిపిస్తే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ బటన్ ఉంటుంది, నొక్కండి.

విషయం మీకు చెప్పక్కర్లేదు. మొన్న ఆదివారం పొద్దున మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కోచ్‌ని పంపించేశారు. పంపించినందుకు నాకేం బాధ లేదు, గోల్ లైన్‌కి గజం దూరంలో బాల్ పెట్టుకుని నాలుగుసార్లు ప్రయత్నించి నాలుగుసార్లూ చేతులెత్తేసిన టీమ్‌ని నేనూ చూశా, అదీ నవంబర్ చలిలో అల్యూమినియం బెంచీ మీద కూర్చుని. నా భయమంతా మీరు కొత్త కోచ్‌ని వెతికే రాబోయే పది రోజుల గురించి. పోయినసారి కొంప మునిగింది కూడా ఇలాంటి పది రోజుల్లోనే కదా.

ఆయన్ని తెచ్చినప్పుడు ఐదేళ్ళ కాంట్రాక్ట్ అన్నారు, బాగానే ఉంది అనుకున్నాం. రెండో సీజన్‌లో ఎనిమిది గేములు గెలిచేసరికి ఆయన్ని ఎవరో ఎత్తుకుపోతారని భయపడిపోయి ఇంకో నాలుగేళ్ళు పొడిగించారు. ఎవరూ ఎత్తుకుపోలేదు సార్. అసలు ఎవరూ రాలేదు. ఏజెంట్ ఒక పుకారు వదిలాడు, మీరు పెన్ను తీశారు. ఇప్పుడు ఆ మనిషి ఇంట్లో కాలు మీద కాలేసుకుని మన గేము టీవీలో చూస్తున్నా మిగిలిన ఏళ్ళ కాంట్రాక్ట్ డబ్బు (బైఅవుట్ అంటారు దీన్ని) చెక్కు మాత్రం టైమ్‌కి వెళ్ళిపోవాలి. ఏ పనీ చెయ్యనందుకు ఇంత జీతం వచ్చే ఉద్యోగం భూమ్మీద ఇదొక్కటే అనుకుంటా, మా కజిన్ ఒకడు దీనికి అప్లై చెయ్యాలంటే ఏం చదవాలి అని అడుగుతున్నాడు.

ఆ రోజు ప్రెస్‌మీట్‌లో మీరే అన్నారు, ఈ డబ్బంతా పెద్ద పెద్ద డోనర్లు చూసుకుంటారు, టికెట్ కొనే మామూలు వాళ్ళ మీద ఒక్క డాలర్ కూడా పడదు అని. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఆరు నెలలు తిరక్కుండా సీటు విరాళం పెంచారు. టికెట్ రేటు పెంచలేదు లెండి, అది నిజమే, టికెట్ కొనే హక్కు కోసం కట్టే ‘విరాళం’ పెంచారు. గుళ్ళో హుండీలో వేసేదాన్ని మేము విరాళం అంటాం, దాన్ని ఎవరూ అడగరు, మనమే వేస్తాం. ఇవ్వకపోతే సీటు పీకేస్తాం అని వసూలు చేసేదానికి మా ఊళ్ళో వేరే పేరుంది, ఇక్కడ రాస్తే బాగోదు.

నేను 2007 నుంచి అదే సీట్లో కూర్చుంటున్నా. ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట అనుకున్న బాపతు నేను. నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవాడు, రైతు, రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చేవాడు. ఒక చెవిలో చిన్న రేడియో ఇయర్‌ఫోన్, రెండో చెవి నా కోసం ఖాళీ. ఫస్ట్ డౌన్ అంటే ఏంటో, పంట్ ఎందుకు చేస్తారో, ఒకే గేములో రిఫరీని ఎన్నిసార్లు తిట్టొచ్చో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నా. మా ఆవిడ చేసిన చికెన్ పకోడీ ఒకసారి తిని, తర్వాత సీజన్ మొత్తం పకోడీ తెచ్చావా అని అడిగాకే కూర్చునేవాడు. విరాళం పెంచిన ఏడాది ఆయన రాలేదు. ఆగస్టులో ఫోన్ చేస్తే, తన సీటూ వాళ్ళావిడ సీటూ రెండూ వదిలేశా, టీవీలోనే బాగా కనపడుతుందిలే అన్నాడు. అబద్ధం అని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు ఆ రెండు సీట్లలో ప్రతి శనివారం ఎవరో కొత్తవాళ్ళు, సగం సార్లు అవతలి టీమ్ జెర్సీలే. ఇదీ మీ బైఅవుట్ సార్. మీకు అది అకౌంట్ పుస్తకంలో అంకె, నాకు పక్క సీటు.

మా అమ్మాయి ఇప్పుడు అక్కడే సెకండియర్. ఫీజు బిల్లులో అథ్లెటిక్స్ ఫీజు అని ఒక లైన్. ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క గేముకి రాలేదు, అందరూ స్టేడియంలో ఉంటారు కాబట్టి ఆ రోజు లైబ్రరీలో కిటికీ పక్క సీటు దొరుకుతుందట. తన వంతు కూడా మీరు కోచ్ గారికి చేర్చేస్తున్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

సరే, కొత్తాయన సంగతికొద్దాం. ఎవర్ని తెచ్చినా జూదమే అని నాకూ తెలుసు, అది మీ తప్పు అనను. జూదం ఆడండి, కానీ ఇల్లు తాకట్టు పెట్టి ఆడకండి అంటున్నా, అంతే.

మా బ్యాచ్‌లో సగం మందికి చిన్న స్కూల్‌లో, అంటే చిన్న యూనివర్సిటీలో, గెలిచిన కుర్ర కోచ్ కావాలి. ఇండియానాని చూడు, 2023 నవంబర్‌లో జేమ్స్ మాడిసన్ నుంచి కర్ట్ సిగ్నెట్టీని తెచ్చుకున్నారు, దశాబ్దాల పాటు ఓడిపోవడమే అలవాటైన టీమ్‌ని మొదటి ఏడాదే 11 గేములు గెలిపించాడు, రెండో ఏడాది ఏకంగా నేషనల్ టైటిల్ అంటారు. అయినా ఆయన కుర్రాడేం కాదు, వచ్చేనాటికే అరవై దాటాయి. నిజమే. కానీ నెబ్రాస్కా వాళ్ళు చేసిందీ అదే కదా. స్కాట్ ఫ్రాస్ట్, సొంతింటి పిల్లాడు, అక్కడే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి టైటిల్ గెలిచినవాడు, 2017లో సెంట్రల్ ఫ్లోరిడాని 13-0తో ఓటమే లేకుండా నడిపినవాడు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది అని ఊరంతా పండగ చేసుకున్నారు. చివరికి 16 గెలుపులు, 31 ఓటములు. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదరన్ వచ్చి 45-42తో కొట్టిపోయిన మర్నాడే పంపించేశారు, అక్టోబర్ 1 దాకా ఓపిక పడితే 15 మిలియన్ల బైఅవుట్ సగం అయ్యేది, మూడు వారాలు ఆగలేకపోయారు. ఆ మూడు వారాల ఖరీదు ఏడున్నర మిలియన్ డాలర్లు సార్.

మీ చుట్టూ ఉండే సూట్‌ల వాళ్ళేమో పెద్ద పేరు కావాలంటారు. పెద్ద పేరు అంటే జింబో ఫిషర్ కంటే పెద్ద పేరా, ఫ్లోరిడా స్టేట్‌లో 2013 సీజన్‌లో నేషనల్ టైటిల్ కొట్టి వచ్చాడు, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళు పదేళ్ళకి 75 మిలియన్లు పూర్తి గ్యారంటీ ఇచ్చారు, 2021లో ఇంకా పొడిగించారు, 2023 నవంబర్‌లో తీసేసేటప్పటికి 76 మిలియన్లకు పైగా బాకీ. అసలు దెబ్బ అంకెలో లేదు, షరతులో ఉంది: ఆయన వేరే చోట ఉద్యోగం చేసుకున్నా వీళ్ళిచ్చేది ఒక్క సెంటు తగ్గదు. ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బ్రయన్ కెల్లీకి పదేళ్ళకి 95 మిలియన్ల కాంట్రాక్ట్, నాలుగో సీజన్ మధ్యలో, 2025 అక్టోబర్‌లో, సొంత స్టేడియంలో అదే టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 49-25తో ఓడిన మర్నాడు ఇంటికి, బాకీ దాదాపు 54 మిలియన్లు. ఫిషర్‌ని 2017లో తెచ్చినప్పుడు టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో, కెల్లీని తెచ్చినప్పుడు ఎల్‌ఎస్‌యూలో, మీలాంటి డైరెక్టర్ కుర్చీలో ఉన్నది ఒక్కరే, స్కాట్ వుడ్‌వర్డ్. కెల్లీ పోయిన నాలుగు రోజులకే ఆ కుర్చీ కూడా ఖాళీ అయింది. ఇది బెదిరింపు కాదు సార్, మీ మంచి కోరే చెప్తున్నా.

అదే కెల్లీని ఎల్‌ఎస్‌యూ వాళ్ళెలా తెచ్చారు, ఆయన అప్పటి టీమ్ నోట్రడామ్ 11-1తో (11 గెలుపులు, ఒక ఓటమి) ఉండి ఇంకా టైటిల్ ప్లేఆఫ్ ఆశ పెట్టుకున్నప్పుడు లాక్కొచ్చారు. ఆయన పోయాక ఎవర్ని తెచ్చారు, ఓల్ మిస్ 11-1తో ప్లేఆఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు లేన్ కిఫిన్‌ని తెచ్చారు. పీటల మీద నుంచి లేచి వచ్చిన పెళ్ళికొడుకు మన ఇంట్లో మాత్రం కుదురుగా ఉంటాడని ఏంటో అంత నమ్మకం.

ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) నుంచి తెద్దాం అని ఇంకో గొంతు వినిపిస్తోంది. హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిచిన బిల్ బెలిచెక్‌నే నార్త్ కరొలైనా వాళ్ళు తెచ్చారు, మొదటి గేములోనే 48-14తో తన్నులు, సీజన్ చివరికి 4-8. పద్దెనిమిదేళ్ళ పిల్లాడి ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మ చేసిన భోజనం తిని మీవాణ్ణి మా దగ్గరికి పంపండమ్మా అని అడగడం వేరే విద్య. ఉన్న అసిస్టెంట్‌కే ఇచ్చేద్దాం అంటే క్లెమ్సన్‌లో డాబో స్విన్నీ ఉన్నాడు, 2008లో తాత్కాలికం అని కూర్చోబెడితే రెండు టైటిల్స్ తెచ్చాడు. ఎల్‌ఎస్‌యూలో ఎడ్ ఓర్జెరాన్ కూడా అలాగే వచ్చి 2019లో 15-0 కొట్టాడు, రెండేళ్ళకే దాదాపు 17 మిలియన్లు చేతిలో పెట్టి సాగనంపారు. అంటే ఏ దారిలో వెళ్ళినా ఒక సిగ్నెట్టీ ఉన్నాడు, ఒక ఫ్రాస్ట్ ఉన్నాడు, ముందే కనిపెట్టే మంత్రం ఎవరి దగ్గరా లేదు. ఆబర్న్‌నే చూడండి, 2020 డిసెంబర్ నుంచి 2025 నవంబర్ లోపల ముగ్గురు కోచ్‌లని తీసేశారు, మూడు బైఅవుట్లు కలిపితే 50 మిలియన్లు దాటింది.

అందుకే మనిషి ఎవరు అన్నదానికంటే కాగితం మీద ఏం రాస్తున్నారు అన్నదే నాకు కావాలి. మనిషి తప్పు అయితే నాలుగు సీజన్లు పోతాయి, కాగితం తప్పు అయితే మనిషి పోయాక కూడా కడుతూనే ఉంటాం. పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసినప్పుడు 49 మిలియన్లు అన్నారు, ఆయన వర్జీనియా టెక్‌కి వెళ్ళేసరికి అది 9 మిలియన్లకి దిగింది. ఎందుకు దిగింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడొచ్చే జీతం ఇందులోంచి తగ్గాలి అన్న షరతు ఉంది కాబట్టి. ఒక్క పేరా సార్! మన పాత కాంట్రాక్ట్‌లో ఆ పేరా ఎందుకు లేదని మొదటి మెయిల్ నుంచీ అడుగుతున్నా.

ఇంకోటి, వాకబు. మా వైపు పిల్లకి సంబంధం చూస్తే అబ్బాయి తరఫువాళ్ళు ఇచ్చిన ఫోన్ నంబర్లకి ఎవరూ ఫోన్ చెయ్యరు, వాళ్ళు ఎలాగూ బంగారం అనే చెప్తారు. ఆ వీధి చివర కిళ్ళీ కొట్టు వాణ్ణి అడుగుతారు. మీరు కోచ్‌లని వెతికిపెట్టే సెర్చ్ ఫర్మ్‌కి డబ్బులు పోసి తెప్పించుకునే ఫైల్లో కిళ్ళీ కొట్టు వాడు ఉండడు. పాత స్కూల్‌లో హెల్మెట్లు సర్దే మనిషినీ, ట్రైనర్‌నీ, ఆడకుండా నాలుగేళ్ళు బెంచీ మీదే కూర్చున్న కుర్రాణ్ణీ అడగండి, ఓడిపోయి బస్సెక్కాక ఈయన ఎలా ఉంటాడు అని. నోట్రడామ్ అంతటి నోట్రడామే 2001లో జార్జ్ ఓలీరీని తెచ్చుకుంటే ఐదు రోజుల్లో రాజీనామా, చెయ్యని మాస్టర్స్ డిగ్రీ చేసినట్టు రెజ్యూమెలో ఉందట. నేను మూడు నెలల కాంట్రాక్ట్ ఉద్యోగంలో చేరితేనే ఇండియాలో నా డిగ్రీ కాలేజీకి ఫోన్ చేసి ఈ సర్టిఫికెట్ నిజమేనా అని అడిగారు. రెజ్యూమెల విషయంలో మావాళ్ళ మీద జోకులు బోలెడు, కొన్నిట్లో నిజం లేకపోలేదు, కానీ మాలో ఎవడూ పదేళ్ళ గ్యారంటీ అడగలేదు.

డిసెంబర్ మొదటి వారంలో రిక్రూట్‌లు (హైస్కూల్ నుంచి కొత్తగా వచ్చే ఆటగాళ్ళు) సంతకాలు పెట్టాలి, ఆలస్యమైతే ఉన్న కుర్రాళ్ళు కూడా వేరే యూనివర్సిటీకి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి వెళ్ళిపోతారు అని మీరంటారు. తెలుసు. పోనివ్వండి కొందర్ని. 2017లో టెనెసీ వాళ్ళకీ ఇదే తొందర, పొద్దున కొత్త కోచ్ గ్రెగ్ షియానో అన్నారు, సాయంత్రానికి జనం గోలకి లేదన్నారు, వారం తిరక్కుండా డైరెక్టర్ని మార్చారు, చివరికి తెచ్చినాయన రిక్రూటింగ్ రూల్స్ ఉల్లంఘనల గొడవలో 2021లో పోయాడు. పైగా ఇప్పుడు ఆటగాళ్ళకి కూడా మీరే నేరుగా డబ్బులు ఇవ్వొచ్చు, 2025-26కి ఒక్కో యూనివర్సిటీకి పెట్టిన పరిమితే 20.5 మిలియన్లు. ఇంట్లో కూర్చున్న కోచ్‌కి వెళ్ళే ప్రతి డాలరూ ఆడే పిల్లాడికి ఇవ్వగలిగిన డాలరే కదా సార్.

కాబట్టి మళ్ళీ అడుగుతున్నా, దండం పెట్టి అడుగుతున్నా. ఐదేళ్ళకి మించి రాయకండి. వేరే ఉద్యోగం దొరికితే మన చెక్కు తగ్గేలా రాయండి. ఒక మంచి సీజన్ చూసి పొడిగించకండి, ఏజెంట్ ఫోన్ చేస్తే ఎత్తకండి, ఎత్తినా పెన్ను డ్రాయర్‌లో పెట్టి ఎత్తండి. ఆ పెద్దాయన రెండు సీట్లు పాత రేటుకి తిరిగి ఇవ్వండి, ఇది మీ వల్ల అవుతుందో లేదో గానీ అడగడం నా వంతు. ఈ మెయిల్‌కి జవాబివ్వండి. ఐదేళ్ళకి మించి రాయకండి.

ఇది రాస్తుంటే మా టెయిల్‌గేట్ గ్రూపులో ఫ్లైట్ ట్రాకింగ్ పిచ్చోడు ఒకడు మెసేజ్ పెట్టాడు, యూనివర్సిటీ జెట్ ఇప్పుడే గాల్లోకి లేచిందట, దక్షిణం వైపు వెళ్తోందట. అందులో మీరుంటే, దిగేలోపు ఇంకా గంటన్నర టైమ్ ఉంది. ఆ కాగితం మొత్తం ఒక్కసారి చదవండి.

ఇట్లు,
పక్కన రెండు సీట్లు ఖాళీ అయిన మీ సీజన్ టికెట్ హోల్డర్
(రెన్యువల్ ఫామ్ ఇంకా నింపలేదు)