ఏకు మేకు కాకముందే

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు 2 దగ్గర పడితే బడుల్లో, కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో రాట్నాలు బయటికొస్తాయి. ఈమధ్య పెట్టె రాట్నం కొనుక్కుని ఇంట్లో రోజూ కాసేపు నూలు వడుకుదామనుకునే వారూ కనిపిస్తున్నారు. ఎంతో సంతోషించాల్సిన సంగతి. కానీ చాలామంది నెల తిరక్కుండానే ఆ పెట్టెను అటకెక్కిస్తున్నారు. ఎందుకని అడిగితే ఒకటే మాట: "దారం నిలవడం లేదండీ, నా చేతికి ఈ పని రాదు." చేతిని తప్పు పట్టేముందు ఏకును, అంటే పోగులు విడేలా ఏకి గొట్టంలా చుట్టిన దూదిని, చూడాలి. పదిసార్లు తెగితే ఎనిమిదిసార్లు తప్పు ఏకుదే. ఏ రాట్నం కొనాలో చెప్పేవారు ఊరంతా ఉంటారు గానీ దూది ఎలా సిద్ధం కావాలో, కొన్న ఏకులను ఇంట్లో ఎలా దాచుకోవాలో చెప్పేవారు కరవయ్యారు. ఆ రెండు విషయాలకూ మీ పత్రికలో కాస్త చోటు ఇవ్వమని కోరుతున్నాం.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూరో కౌంటు (కౌంటు అంటే నూలు సన్నదనం చెప్పే అంకె, పెరిగేకొద్దీ నూలు సన్నం) సన్న నూలు వడికే ఆడవాళ్ల పనిని దగ్గర నుంచి చూడండి. రాట్నం తిరగడానికి చాలా ముందే పని మొదలవుతుంది. గింజ ఇంకా దూదిని వదలదు. అప్పుడే ఒక్కో గింజనూ వేళ్ల కొసల్లో పట్టుకుని, వాలుగ చేప దవడతో దూదిని దువ్వుతారు. ఆ దవడ మీద పళ్లు సూదిమొనల్లా సన్నగా, ఒత్తుగా, లోపలికి వంగి ఉంటాయి. ఒక్కో దువ్వుకూ ఆకు నలకలు, పుచ్చు పోగులు పళ్లకు చిక్కి బయటికొచ్చేస్తాయి. మంచి పోగులు మాత్రం గింజను పట్టుకుని నిలబడి, అన్నీ ఒకే వైపు వాలతాయి. కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే గింజ చుట్టూ చిన్న పట్టుకుచ్చు విరిసినట్టుంటుంది. గింజ తీసేశాక ఈ పని చెయ్యలేం. పోగుకు అవతలి కొసన పట్టు ఉండదు, దువ్వెన లాగిన వైపుకల్లా వచ్చేసి ఉండ కడుతుంది.

తర్వాత చెక్క పీట మీద ఆ పత్తి పెట్టి, సన్న ఇనుప కడ్డీని అరచేతులతో ముందుకు దొర్లిస్తారు. దూది కడ్డీ కిందుగా ముందుకు సాగుతుంది, గింజ వెనకే ఆగిపోతుంది. ఇక్కడ తొందరపడి బరువు వేస్తే గింజ చితుకుతుంది. చితికిన గింజ నూనె దూదికి అంటి పసుపు మరక పడుతుంది. గింజ పొట్టు నలకలు పోగుల్లో ఇరుక్కుంటాయి. వాటిని తర్వాత ఎంత ఏకినా వదిలించలేం. సరిగ్గా ఆ నలక ఉన్న చోటే దారం తెగుతుంది. ఆ పైన చిన్న విల్లుతో ఏకడం, ఏకులు చుట్టడం, ఎండిన అరటి డొప్పలో వాటిని భద్రం చేయడం. అక్కడి కొండపత్తి పోగు పొట్టిది. అయినా అంత సన్న నూలు వస్తోందంటే కారణం ఈ ఓపికే.

ఇంట్లో ఇదంతా చేయగలమా? వాలుగ దవడ దొరక్కపోవచ్చు, మిగతావన్నీ సాధ్యమే. ముందు ఏ దూది పనికిరాదో చెప్పాలి. పరుపుల్లో వేసే బూరుగు దూది వడకడానికి రాదు. దాని పోగు నున్నగా జారిపోతుంది, పెళుసుగా విరుగుతుంది. మందుల షాపు దూదీ వద్దు. తడిని పీల్చడం కోసం దాన్ని ఉడికించి, పోగు మీది సహజమైన మైనం తీసేస్తారు. ఆ మైనం లేని పోగు సాఫీగా సాగదు. కావలసింది గింజతో ఉన్న పత్తి, లేదా బేలుగా అణచి కట్టని శుభ్రమైన దూది. కిలో పత్తికి దూది మూడో వంతుకు అటూఇటుగా వస్తుంది. అంటే అరకిలో పత్తి కొంటే చేతికొచ్చేది సుమారు 160 గ్రాములు. చెత్త, తరుగు పోగా ఇంకా తగ్గుతుంది.

గింజ తీసేముందు పత్తిని పలచగా పరిచి గంటో రెండు గంటలో ఎండలో పెట్టాలి. చెమ్మ పోయి పోగులు విచ్చుకుంటాయి, గింజ తేలిగ్గా వదులుతుంది. వడకడానికి మాత్రం ఎండ పనికిరాదు. పత్తి పోగుకు గాలిలో కాస్త చెమ్మ ఉంటేనే బలం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని వడికితే పొద్దున పూట కంటే ఎక్కువసార్లు తెగేది అందుకే. ఏకడానికి ఎండ, వడకడానికి నీడ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏకేటప్పుడు ఒకసారి పది గ్రాములకు మించి దూది వేయకండి. వింటి నారిని కుప్ప నడుమకు దూర్చకూడదు. అంచుకు తగిలీ తగలనట్టు ఉంచి మీటితే అదురుకు పోగులు విడివిడిగా ఎగిరి పడతాయి, మట్టి, నలకలు కిందికి రాలతాయి. నారి లోపలికి దిగితే దూది దానికి చుట్టుకుని తాడవుతుంది. విల్లు లేనివారు తీగ పళ్ల దువ్వెన పలకల జత వాడుకోవచ్చు. కానీ ఉన్ని కోసం చేసిన పలకలు పత్తికి పనికిరావు. వాటి పళ్లు దూరం దూరంగా ఉంటాయి, పత్తి పోగు ఆ సందుల్లో చిక్కి గసగసాల్లాంటి ఉండలు కడుతుంది. అతిగా ఏకినా అవే ఉండలు వస్తాయి. దూది మబ్బులా పొంగి, వెలుగుకు పట్టి చూస్తే మచ్చలు లేకుండా కనిపించిందంటే అక్కడితో ఆపేయాలి.

ఏకు చుట్టడం పది నిమిషాల్లో వచ్చే విద్య. అయినా ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండు గ్రాముల దూదిని జానెడు పొడవున పలచగా, అంతటా ఒకే మందంలో పరవాలి. దాని మీద నున్నని వెదురు పుల్ల ఉంచి, చిన్న చెక్కతో రెండు మూడుసార్లు తేలిగ్గా దొర్లించి పుల్ల లాగేయాలి. చిటికెన వేలంత లావున గొట్టంలా నిలుస్తుంది. ఒక కొసన పట్టుకుని ఎత్తితే నడుం వంగకూడదు. రెండో కొసన నాలుగు పోగులు లాగితే వెంట మరో నాలుగు అడ్డం లేకుండా రావాలి. బిగించి చుట్టిన ఏకు కుదుపులతో వస్తుంది. అప్పుడు దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతుంది. పురి (దారంలోని మెలిక) ఎప్పుడూ సన్నగా ఉన్న చోటికే పరుగెత్తి పేరుకుంటుంది. లావు చోట పురి చాలక పోగులు జారిపోతాయి. చూసేవారికి దారం తెగినట్టుంటుంది గానీ అది తెగలేదు, జారింది. పోగులు విడివడి కుచ్చులా ఉంటే జారినట్టు, పురి తిరిగి మెలిపడి ఉంటే తెగినట్టు. మొదటిదానికి ఏకు మార్చాలి, రెండోదానికి పురి తగ్గించాలి. ఈ తేడా చెప్పకుండా రాట్నం తిప్పడం నేర్పే శిక్షణ సగం శిక్షణే.

ఇక దాచుకోవడం గురించి. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అనే మాట అందరం వాడతాం. ఆ సామెతలో ఏకు దూది ఏకే. దాన్ని పాలిథిన్ సంచిలో కుక్కి, పైన దుప్పట్లు పేర్చి, అలమారలో ఆరు నెలలు ఉంచితే అది నిజంగానే మేకవుతుంది. దూదికి మొదటి శత్రువు ఒత్తిడి. మిల్లు దారిలో దూదిని 170 కిలోల బేలుగా అణచి బిగిస్తారు, ఆ బిగువు విప్పడానికి మళ్లీ యంత్రాల్లో బాదాల్సి వస్తుంది. పత్తి పండే చోటే బేలు కట్టకుండా నూలు తీయాలన్న మల్ఖా ప్రయత్నం మన తెలుగు నేల మీద పుట్టింది ఈ కారణం చేతనే. మిల్లులో యంత్రం విప్పే బిగువును ఇంట్లో మన వేళ్లు విప్పలేవు. గాలి తీసేసే ప్లాస్టిక్ సంచుల్లో దూది పెట్టకండి. చోటు కలిసొస్తుంది, దూది పోతుంది.

రెండో శత్రువు చెమ్మ. జులై నుంచి నవంబరు దాకా కోస్తాలో మూతి బిగించిన పాలిథిన్‌లో ఏకులు పెడితే లోపలి చెమ్మకు దారి ఉండదు. బూజు వాసన, పసుపు మచ్చలు వస్తాయి. పాత నూలుబట్ట పరిచిన అట్టపెట్టె గానీ వెదురు బుట్ట గానీ మేలు. ఏకులు రెండు వరసలకు మించకూడదు. పెట్టెను గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా పెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు అక్కర్లేదు. ఉన్నిని తినే చిమ్మట పత్తి జోలికి రాదు, ఆ వాసన మాత్రం నూలుకు పట్టి వదలదు. గింజతో ఉన్న పత్తి నిల్వ చేసేవారికి ఇంకో జాగ్రత్త: గింజ కోసం ఎలుకలొస్తాయి, గింజలో గులాబీ పురుగు దాగి ఉండవచ్చు. తడి పత్తి కుప్పగా పడి ఉంటే లోపల వేడెక్కి రంగు మారుతుంది. గుప్పెడు గింజలు కొరికి చూడండి, టప్పున పగిలితే ఎండినట్టు.

ఎంత కొనాలన్నది మరో పెద్ద సంగతి. ఉత్సాహం మీద రెండు కిలోల ఏకులు తెప్పించుకునేవారున్నారు. లెక్క చూడండి. 20వ కౌంటులో కిలో దూదికి దాదాపు 34 వేల మీటర్ల నూలు వస్తుంది. చెయ్యి తిరిగినవారు అరగంటకు 150 మీటర్లు వడికారనుకున్నా, రోజుకు అరగంట చొప్పున ఆ కిలో పూర్తవడానికి 226 రోజులు. కొత్తవారికి ఏడాది దాటుతుంది. అప్పటికి అడుగున ఉన్న ఏకులు ఎందుకూ పనికిరావు. నెలకు వంద గ్రాములు చాలు, అదీ దూదిగా తెచ్చుకుని, వారానికి సరిపడా మాత్రమే ఏకులు చుట్టుకుంటే మరీ మంచిది. దూది నిల్వ ఉంటుంది, ఏకు నిల్వ ఉండదు. ప్రతి పెట్టె మీద పత్తి రకం, ఏరిన కాలం, ఏకిన తేదీ, బరువు రాసిన చీటీ అంటించండి. రెండు రకాల పత్తిని ఒకే పెట్టెలో కలపకండి. పొట్టి పోగుకు పురి ఎక్కువ కావాలి, పొడుగు పోగుకు తక్కువ. కలిపితే చెయ్యికి లయ దొరకదు.

ఇప్పటికే గట్టిపడిన ఏకులు ఇంట్లో ఉన్నవారు వాటిని పారేయనక్కర్లేదు. చుట్ట విప్పి, పలచగా పరిచి, గంటసేపు ఎండ చూపించి, తేలిగ్గా మళ్లీ ఏకి, కొత్తగా చుట్టుకోవచ్చు. ఒక్కసారికే ఈ మరమ్మతు. రెండోసారి ఏకితే పోగులు ముక్కలై ఉండలు పెరుగుతాయి. బూజు పట్టినవి మాత్రం వడకవద్దు. వడికిన నూలు కదురు (రాట్నంలో నూలు చుట్టుకునే కడ్డీ) మీద వారాల తరబడి వదిలేయకుండా చిలపగా (వదులైన నూలు చుట్టగా) చుట్టి, కాస్త నీళ్లు చిలకరించి నీడన ఆరబెడితే పురి కుదురుకుంటుంది. కౌంటు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వంద మీటర్ల నూలు తూచి, 59ని ఆ గ్రాములతో భాగిస్తే కౌంటు వస్తుంది. రెండు గ్రాములు తూగితే ఇంచుమించు 30. ఆ అంకె చిలపకు కట్టి ఉంచకపోతే, నేతకు ఇచ్చేనాడు లావు సన్నాలు కలిసి మగ్గం మీద నేతగారికి అవస్థ.

ఏకులు అమ్మే ఖాదీ భాండారాలకు, సంస్థలకు మా విన్నపం ఒక్కటే. పొట్లం మీద ధర, బరువుతో పాటు ఏకిన నెల, పత్తి రకం, ఎంత కౌంటుకు పనికొస్తుందో ముద్రించండి. సంచిలో కాకుండా అట్టపెట్టెలో ఇవ్వండి. గాంధీ జయంతికి శిక్షణ పెట్టే బడులు, సంఘాలు పది రాట్నాలు కొనే చోట ఎనిమిదే కొని, ఆ మిగిలిన డబ్బుతో రెండు విళ్లు, ఒక చిన్న తూనిక, అయిదు కిలోల గింజపత్తి తెప్పించండి. మొదటి రోజు రాట్నం ముట్టుకోనివ్వకుండా పిల్లల చేత గింజ తీయించి, ఏకించి, ఏకులు చుట్టించండి. మిగిలిన గింజలను బడి పెరట్లో జూన్ తొలకరికి విత్తుకోవచ్చు.

ఇట్లు,
ఏకడం, వడకడం నేర్పే పాఠకులు,
శ్రీకాకుళం